పొద్దుటి వేలు అబద్ధమాడదు

రెండో విడత, మాత్రల రెండో రోజు

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఏం తిన్నాడు, ఎంత తాగాడు, ఎలా ఉన్నాడు, ఈ మూడూ రోజూ పలకలో ఎక్కిస్తే చాలంది. మూడు ముక్కలతో ఆపగలిగితే నేను సన్నమ్మను ఎందుకవుతాను? పేరులోనే సన్నం గానీ నోరు పెద్దదని పాలెమంతా ఎప్పుడో తేల్చేసింది.

రోగి మా ఆయన దాలయ్య. పాదులకు వలలు అల్లుతాడు. ఇక్కడ దేనికీ సరైన బరువుండదు కాబట్టి, వల బిగించకపోతే కాయ కోసేటప్పుడు మట్టితో సహా పాదంతా చేతికొస్తుంది. ఆయన మెడ కింద, చంకల్లో గడ్డలు లేచాయి. ముక్క తీసి చూసి లింఫు గ్రంథుల కేన్సరన్నారు. ఆరు విడతల వైద్యం. విడత మొదటి రోజు నరంలోకి మందు ఎక్కిస్తారు. ఆ రోజు నుంచి అయిదు రోజులు పొద్దున గంజి తాగాక తెల్ల మాత్రలు మింగాలి. స్టెరాయిడ్ అంటారు. తర్వాత ఒంట్లో సత్తువ తిరిగొచ్చేదాకా విరామం, మళ్లీ ఇంకో విడత.

తిన్నది: నాచు అట్లు ఆరు. నావి రెండు కూడా అందులోనే.

ఎలా ఉన్నాడంటే, రోగం నాకొచ్చి ఆయన చూడ్డానికొచ్చినట్టున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి. మొదటి విడతలోనూ ఇంతే, మాత్రలు పడ్డ రోజుల్లో పట్టపగ్గాలుండవు. పొద్దున వేలుగోడ దగ్గర కూడా మంచి అంకె వచ్చింది.

వేలుగోడ అంటే కొత్తవాళ్లకు చెప్పాలి. దీపాలు వెలగగానే పాలెమంతా వరసలో నిలబడి గోడలోని కన్నంలో వేలు పెడతాం. చీమ కుట్టినట్టుంటుందని మా అమ్మ అనేది, చీమను ఆవిడా చూడలేదు, నేనూ చూడలేదు. పైన అంకెలు వెలుగుతాయి. రక్తం ఎంత, ఉప్పు ఎంత, చక్కెర ఎంత. అది చూపించుకున్నాకే గంజి. భూమి మీద సముద్రం మా ఊళ్లను మింగేశాక ఈ చంద్రుడి గుహలోకి వచ్చిన మా తాతలు మొదటి ఏడాది తిండి చాలక, ఎవరు లోపల్లోపల ఎండిపోతున్నారో తెలియక సగంమందిని పోగొట్టుకున్నారట. అప్పటి నుంచి ఇది మాకు ఆచారం. ‘పొద్దుటి వేలు అబద్ధమాడదు’ అని సామెత కూడా పుట్టించుకున్నాం. ఇన్ని చేసినవాళ్లు ఊరికి మాత్రం వెన్నెలపాలెం అని పేరు పెట్టారు. చంద్రుడి కడుపులో ఉన్నవాళ్లకు వెన్నెల ఎక్కడిది, చెప్పండి.

దాలయ్య చక్కెర నూట అయిదు. వెనక నిలబడ్డ పాలెం పెద్ద కూర్మయ్య అంకె చూసి, “నాకంటే నీదే బాగున్నాదిరా దాలయ్యా, నీ మాత్రలు నాకో రెండియ్యి” అన్నాడు.

రెండో విడత, మాత్రల నాలుగో రోజు

తిన్నది అడక్కండి. తాగింది చెబుతాను, అదే బాధ.

మనిషికి రోజుకు మూడు చెంబుల నీళ్లు. పాలెం నీళ్ల కాపలా నాదే. మరుగుదొడ్ల నీళ్లన్నీ సందుకో గొట్టం చొప్పున నా వడపోత గదికి వస్తాయి, శుభ్రమై మళ్లీ చెంబుల్లోకి వెళ్తాయి. మేం తాగేది మా నీళ్లే. మొదట్లో రోత, తర్వాత సంసారం. దాలయ్య తన మూడు చెంబులూ మధ్యాహ్నానికే ఖాళీ చేశాడు. నావి రెండు ఇచ్చాను, అవీ అయిపోయాయి. తాగడం, దొడ్డికి పరుగెత్తడం, మళ్లీ తాగడం.

సాయంత్రం పక్కింటి పారమ్మ పానకం తెచ్చింది. మా ఆచారం ఇంకొకటుంది, పేరుముడి. చెరకు మడులు కొంచెమే కాబట్టి ఇంటికి నెలకో బెల్లం అచ్చు వస్తుంది. ఎవరికైనా జబ్బు చేస్తే ప్రతి ఇల్లూ తమ అచ్చును గుడ్డలో చుట్టి, రోగి పేరు పలికి, వలముడి వేసి పట్టుకెళ్లి ఇస్తుంది. పేరు పలికి ముడి వేశాక ఆ బెల్లం రోగిది. ఇచ్చినవాళ్లు నాలిక మీద రవ్వ కూడా వేసుకోకూడదు. ముడి రోగి ఇంటివాళ్లే విప్పాలి. పాలెమంతా దాలయ్యకు ముడులు వేసింది. మా ఇంటి మేకులన్నీ మూటలే. పారమ్మకు అదీ చాలలేదు, రోజూ వచ్చి ఆ బెల్లంతో తనే పానకం కలుపుతుంది. పానకానికి తన వాటాలో ఒక చెంబు నీళ్లు పోస్తుంది. దాలయ్యను అన్నయ్య అంటుంది కాబట్టి నాకు ఆడపడుచు వరస. ఆడపడుచులందరూ ఇలాంటివాళ్లయితే సామెతలు వేరేగా ఉండేవి.

“తాగన్నియ్యా, కడుపు సల్లబడతాది” అంది.

ఆయన చెంబు దించకుండా తాగాడు. తాగి, “ఇంకా దాహంగానే ఉందే పారమ్మా” అన్నాడు.

డాక్టర్ మృదులకు చెప్పాను. ఆమె పొద్దుటి అంకెలు తెరిచి చూసింది. “ఈ మాత్రలతో చక్కెర పెరగవచ్చు, అందుకే నేనూ రోజూ చూస్తున్నాను సన్నమ్మగారూ. నూట పదికి మించలేదు. నోరు ఎండడం మందుల వల్లే అయ్యుంటుంది” అంది. నా ప్రాణం కుదుటపడింది.

రెండో విడత, విరామం

మాత్రలు ఆపిన మూడో రోజుకు దాహం తగ్గింది, ఆకలీ తగ్గింది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు, పిలిస్తే పలకడు. బరువు చూస్తే, అన్ని అట్లు తిన్నవాడు తగ్గాడు. అట్లు ఎక్కడికి పోయినట్టు? కేన్సరు తింటోందన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. మెడ గడ్డలు మాత్రం చెయ్యి పెడితే చిక్కుడు గింజంత అయ్యాయి. ఆ ఒక్కటీ తలచుకుని మిగతాదంతా వదిలేశాను.

మూడో విడత, మాత్రల రెండో రోజు

ఇవాళ నా నోరు నన్ను ముంచింది.

మా సందు వడపోత జల్లెడ మూసుకుపోయింది. తీసి చూస్తే చేతి మందాన జిగురు, తెల్లగా, జారుడుగా. మిగతా సందుల జల్లెడలు శుభ్రంగా ఉన్నాయి. వాసన చూశాను, తీపి పులిసిన వాసన. ముప్పై ఏళ్లుగా జల్లెడలు కడుగుతున్నాను, తీపి నీళ్లు పారబోస్తేనే అలా పడుతుందని నాకు తెలుసు. మా సందులో పానకం కలిపేది ఎవరు? పారమ్మ. నేరుగా ఆమె గుమ్మంలోకి వెళ్లాను.

“మా మావ పేరెట్టిన బెల్లం దొడ్డిలో పోస్తన్నావేటి?” అన్నాను.

ఆమె చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. “నానా? బెల్లమా?”

“నువ్వు కాపోతే జల్లెడకి ఆ జిగురెక్కడిది? మిగిలింది మాకు సెప్పకుండా పారబోస్తన్నావు.”

“ఒదినా, నా పిల్లలకి కూడా నాకనియ్యకుండా మీ మేకుకి తగిలించినాను. నానెందుకు పారబోస్తాను?”

సందులో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. తెరుచుకోనీ అనుకున్నాను. అప్పుడు అలా అనిపించింది.

మూడో విడత, మాత్రల మూడో రోజు

తిన్నది: రెండు అట్లు, ఇష్టం లేకుండా. తాగింది: తనవీ నావీ కలిపి ఆరు చెంబులు. ఇంకా కావాలన్నాడు.

నీళ్ల గది నుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. గుహ చివర, చల్లగాలి గొట్టాల వెనక దొరికాడు. గొట్టం మీద మంచులా పట్టే తేమను నాలికతో నాకుతున్నాడు. పెదవి చర్మం ఊడి రక్తం అంటుకుని ఉంది. నన్ను చూసి, దొంగలా గోడకు అతుక్కున్నాడు.

నేను నీళ్ల కాపలాదారును. నా ఇంటి మనిషి గొట్టాలు నాకుతున్నాడు. సిగ్గేసింది, సిగ్గు కంటే ముందు కోపమొచ్చింది, చేతి మీద కొట్టాను. “మంటగా ఉందే” అన్నాడు, అంతే. ఆ మాటకు నా చెయ్యి విరిగిపోతే బాగుండుననిపించింది.

సాయంత్రం కూర్మయ్య వచ్చాడు. మా సందు నుంచి తిరిగొచ్చే నీళ్లు మాకు ఇచ్చే వాటా కంటే ఎక్కువున్నాయట. మాటను ఎన్ని మలుపులు తిప్పినా చివరికి అడగాల్సింది అడిగాడు. “తాళం నీ సేతిలో ఉంది సన్నమ్మా. రోజువాడకం ట్యాంకు తెరవనేదు కదా?”

“నా వాటా, నా మనిషి వాటా, పారమ్మ పానకం చెంబు. అంతకు మించి సుక్క తీస్తే నా కళ్లు పోతాయి.”

“మరా నీళ్లు ఎక్కడివి?”

తాళం చూపించి, కావాలంటే ట్యాంకు కొలుచుకోమన్నాను.

మూడో విడత, మాత్రల నాలుగో రోజు

ఇది రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అప్పుడు రాసే స్థితిలో లేను.

పొద్దున వేలుగోడలో నూట ముప్పై రెండు. కొంచెం ఎక్కువే గానీ భయపడేది కాదన్నారు. మధ్యాహ్నం పానకం తాగాడు. పారమ్మ రాలేదు, నేనే కలిపాను, బెల్లం ఎక్కువ వేసి కలిపాను, ఓపిక వస్తుందని. దీపాలు తగ్గే వేళకు నన్ను ‘అమ్మా’ అని పిలిచాడు. సరదాకి అనుకున్నాను. “వల తడిసిపోతన్నాదమ్మా, ఒడ్డుకి లాగండి” అన్నాడు. ఆయన పుట్టినప్పటి నుంచి ఒడ్డు చూసినవాడు కాదు. లేచి నిలబడబోయి వాలిపోయాడు. ఇక్కడ మనిషి నెమ్మదిగా పడతాడు, పట్టుకోవడానికి తీరిక ఉంటుంది. పట్టుకున్నాను. ఒళ్లు ఎండిన తోలులా ఉంది, కళ్లు లోపలికి పోయాయి.

వీపున వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్లాను. డాక్టరమ్మ వేలు గుచ్చి చేతి మీటరులో పెట్టింది. మీటరు అంకె చూపించలేదు. ‘ఎక్కువ’ అని మాత్రం రాసింది. ఆమె మళ్లీ గుచ్చింది. మళ్లీ అదే.

“ఇంతకంటే పైన కొలవడం దీనికి రాదు. పొద్దున నూట ముప్పై రెండు కదా?” అంది. నన్ను అడిగినట్టు లేదు. తర్వాత మంచం పట్టీ పట్టుకుని నిలబడిపోయింది. “మాత్ర గంజి తర్వాత వేస్తున్నాం. మధ్యాహ్నం నుంచి దాని జోరు. సాయంత్రానికి చక్కెర కొండెక్కుతుంది, నిద్రలో దిగిపోతుంది. మనం దిగిపోయాక కొలుస్తున్నాం. చదువుకున్నాను సన్నమ్మగారూ, ఇది చదువుకున్నాను. కానీ ఈ గోడ దగ్గరే పెరిగాను. పొద్దుటి అంకె బాగుంటే ఇంక అడగడం మానేశాను.”

జల్లెడ జిగురు సంగతి చెప్పాను. నెమ్మదిగా తలూపింది. “ఒంట్లో పట్టని చక్కెర మూత్రంలో పోతుంది. పోతూ ఒంట్లోని నీళ్లను కూడా లాక్కుపోతుంది. అందుకే ఆ దాహం. మా అమ్మమ్మ చెప్పేది, భూమ్మీదైతే ఆ మూత్రానికి చీమలు పట్టి చెప్పేవట.”

చీమల్లేని ఊళ్లో నేను పారమ్మను పట్టుకున్నాను. నా చేత్తో కలిపిన పానకం ఆయన చేత తాగించాను. ఏడుపు కూడా రాలేదు.

నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించాలంది, చాలా ఎక్కించాలంది, ఆసుపత్రిలో ఉన్నవి చాలవంది. కూర్మయ్య వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. గోడ ట్యాంకు, అంటే కరువుకని దాచిన నీళ్లు, దాని రెండో తాళం ఆయన దగ్గరుంటుంది. మొలతాడు నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. “ఎంత కావాలంటే అంత తీసుకో. నిన్న నానన్నది మనసులో ఎట్టుకోకు” అన్నాడు. వెళ్లి తాళం తీశాను.

మూడో విడత, విరామం

బతికాడు. ఇన్సులిన్ సూదులు, నీళ్లు, మళ్లీ సూదులు. మూడో రోజు నన్ను నా పేరుతో పిలిచాడు. మాత్రలు ఆగాక చక్కెర దానంతటదే దిగింది, సూదులు ఆపేశారు.

“మాత్రలు మానేద్దాం డాక్టరమ్మా” అన్నాను.

“గడ్డలు కరుగుతున్నది వాటితో కూడా. మానలేం. ఈసారి మాత్రలతో పాటే పొద్దున ఇన్సులిన్ ఇద్దాం. మధ్యాహ్నం, సాయంత్రం కొలుద్దాం. తీపి ఇంట్లోకి రాకూడదు.”

వైద్యం ఆపితే కేన్సరు తీసుకుపోతుంది, చేస్తే చక్కెర తీసుకుపోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. నుయ్యి నేను చూడలేదు గానీ దాని అంచున నిలబడితే ఎలా ఉంటుందో ఇప్పుడు నన్నడగండి.

నాలుగో విడత, మాత్రల మొదటి రోజు

మేకుల మీది మూటలన్నీ తీసి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేశాను. మా ఇంటి అచ్చు కూడా ఆసుపత్రిలో బాలింతకు ఇచ్చేశాను. ఇంట్లో తీపి రవ్వ లేకుండా గిన్నెలు కూడా రెండుసార్లు కడిగాను. కొందరు అర్థం చేసుకున్నారు. కొందరు, పేరు పలికింది వెనక్కి ఎలా తీసుకుంటామని గునిశారు. ఏం చేసుకుంటారో మీ ఇష్టం అన్నాను.

పారమ్మ మూట ఒక్కటే ఇవ్వడానికి వెళ్లలేకపోయాను. ఏ మొహంతో వెళ్లను? సాయంత్రం ఆమే వచ్చింది. చేతిలో ఈ నెల అచ్చు, కొత్త మూట. ఇన్నాళ్లు మాట్లాడనిది తనంతట తాను వచ్చింది. నేను చేయవలసింది ఏమిటో నాకు తెలుసు. సరిగ్గా ఆ క్షణంలోనే దాలయ్య లోపల నుంచి, “పారమ్మొచ్చిందా? పానకమా?” అన్నాడు, ఆశగా, చిన్నపిల్లాడిలా. ఆ గొంతు వినగానే గొట్టం నాకుతున్న మనిషి కళ్ల ముందు కనిపించాడు. భయంతో ఒళ్లు తెలియలేదు.

“నా మొగుడ్ని సంపడానికొచ్చినావేటి?” అన్నాను. మూట లాక్కుని, మేకు మీది పాతదాన్నీ లాగి, రెండూ సందులోకి విసిరేశాను. ఒకటి ఊడిపోయి బెల్లం ముక్కలై గాల్లో చాలాసేపు తేలి కింద పడింది.

పారమ్మ సందులోకి వెళ్లింది. వంగి ముక్కలు ఏరుకుంది. అన్నీ ఏరుకునేదాకా నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. సాయం చెయ్యలేదు. రాయమన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నాను.

నాలుగో విడత, మాత్రల అయిదో రోజు

తిన్నది కొలత ప్రకారం. మధ్యాహ్నం చక్కెర రెండొందలు, సాయంత్రం రెండొందల అరవై. దాహం ఉంది గానీ మనిషి మనిషిలా ఉన్నాడు. కూర్మయ్య మాకు రోజుకు రెండు చెంబులు ఎక్కువ రాయించాడు.

డాక్టరమ్మ అవతలి గుహకు కాన్పు చేయడానికి వెళ్తూ ఇంటికొచ్చింది. సూది మీద రెండు గీతలు చూపించింది. “మాత్రలు ఇవాళ్టితో సరి. రేపటి నుంచి చక్కెర దానంతటదే దిగుతుంది. కాబట్టి రేపు ఈ కింది గీత వరకే. మర్చిపోకండి, సగం.”

మర్చిపోను అన్నాను.

నాలుగో విడత, మాత్రలు ఆగిన రోజు

మర్చిపోలేదు. పొద్దున సూది చేతిలోకి తీసుకున్నప్పుడు కింది గీత నాకు బాగా గుర్తుంది. వేలుగోడలో నూట ఇరవై వచ్చింది. ఆ గోడను నేనెలా నమ్మను? ఒకసారి నమ్మినందుకే కదా ఆయన నన్ను అమ్మా అన్నాడు. నా కళ్ల ముందున్నది నిన్న సాయంత్రపు రెండొందల అరవై. సగం ఇస్తే మళ్లీ పైకి పోతుందని, మళ్లీ గొట్టాల వెనక వెతుక్కోవాల్సి వస్తుందని, పై గీత దాకా లాగాను. ఎవరూ చెప్పలేదు, నేనే లాగాను, నేనే పొడిచాను.

ఆకలి లేదని గంజి సగం వదిలేశాడు. పోనీలే, తినకపోతే చక్కెర తక్కువ ఉంటుందని సంతోషించాను కూడా.

మధ్యాహ్నం కొలవడానికి ఇంటికొచ్చాను. వల అల్లుతూ కూర్చున్నాడు, కానీ వేళ్లు కన్నాల్లో పడడం లేదు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, వణుకుతోంది. ఏమైందంటే మాట ముద్దగా వచ్చింది. మీటరులో నలభై ఒకటి.

ఫోనులో డాక్టరమ్మ దొరికింది. “ఎంత ఇచ్చారు?” అంది. చెప్పాను. తిట్టలేదు. “మింగగలుగుతున్నాడా? అయితే వెంటనే తీపి పెట్టండి. పానకం, బెల్లం, ఏదైనా సరే. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. నాకిక్కడ బిడ్డ తల కనబడుతోంది, నేను కదల్లేను. ఆసుపత్రి చాలా దూరం సన్నమ్మగారూ, ఇంట్లో ఉన్నది పెట్టండి.”

ఇంట్లో ఉన్నది. రెండుసార్లు కడిగిన గిన్నెలు, ఖాళీ మేకులు.

సందులోకి ఉరికాను. ఇక్కడ పరుగెత్తడం కుదరదు, కాలు గట్టిగా తంతే తల కప్పుకు తగులుతుంది. తగిలింది. నుదుట రక్తం కారుతూ పారమ్మ గుమ్మంలో పడ్డాను. వేరే గుమ్మాలున్నాయి, నిజమే. కానీ ఆమెది పక్కనే. అప్పుడు సిగ్గు పడడానికి కూడా నా దగ్గర తీరిక లేదు.

“పారమ్మా, బెల్లం. మావ పోతన్నాడు, బెల్లం కావాలి.”

తీపి పెడితే చస్తాడని గగ్గోలు పెట్టినదాన్ని. ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఆమె అడగలేదు. తలుపు వెనక మేకు నుంచి మూట తీసి నా చేతిలో పెట్టింది. నేను విసిరేసిన గుడ్డే. బెల్లం ఏరి మళ్లీ చుట్టి, మళ్లీ ముడి వేసి పెట్టింది. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి, ఒక్క ముక్క తియ్యలేదు.

ముడి పట్టుకుని లాగాను. రాలేదు. పారమ్మ చేతికిచ్చాను. “ఒద్దొదినా, మేం ఇప్పకూడదు” అంటూనే నా వెనక మా ఇంట్లోకి వచ్చేసింది. దాలయ్య పక్కకు ఒరిగిపోతున్నాడు. ఆమె ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. “అన్నియ్యా, కళ్లు తెరు. నాను పారమ్మని” అంది.

పళ్లతో గుడ్డ చింపాను. బెల్లం నలిపి ఆయన బుగ్గ లోపల రాశాను. “మింగు మావా. మింగు.” గొంతు కదిలింది. ఇంకొంచెం రాశాను. కదిలింది. పారమ్మ చెంబులో ముక్క కరిగించి చెంచాతో పోసింది, నేను రాయడం, ఆమె పోయడం. మీటరు నలభై తొమ్మిది అంది. తర్వాత అరవై ఆరు. తర్వాత తొంభై.

దాలయ్య కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశాడు. “మీరిద్దరూ మాటాడుకుంటన్నారా?” అన్నాడు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు, నెలరోజులది కలిపి.

“పారమ్మా, ఆ మాట అనరాదు. నాను అనకూడని మాట అన్నాను. జల్లెడ సంగతీ నాదే తప్పు” అన్నాను.

ఆమె చెంచా తుడిచి పక్కన పెట్టింది. “ఆ రాత్రి ముక్కలన్నీ ఏరి ముడేసేటప్పుడు నీ మీద పీకలదాకా కోపమున్నాదొదినా” అంది. “అన్నియ్య పేరు సెప్పినాను, నిన్ను తిట్టినాను, బిగించినాను. అందుకే అంత గట్టిగా పడిపోనాది.”

తలెత్తి చూస్తే గుమ్మం బయట సందంతా ఉంది. నా అరుపు విన్నారు కాబోలు. ప్రతివాళ్ల చేతిలోనూ నేను తిప్పి ఇచ్చిన మూట. ఒక్కటీ విప్పలేదు. ఎవరి పిల్లలూ తినలేదు.

రేపు పొద్దున సూది లేదు, డాక్టరమ్మ ఫోనులో చెప్పింది, నేను రెండుసార్లు అడిగి రాసుకున్నాను. ఇంకా రెండు విడతలున్నాయి. మాత్రల రోజుల్లో దాలయ్య పానకం అడుగుతాడు, నేను లేదంటాను, మాత్రలు ఆగిన రోజున నేనే పానకం చెంబు పట్టుకుని కాపలా కూర్చుంటాను. నాకు భయం పోలేదు.

తిన్నది: పారమ్మ బెల్లం, సగం అచ్చు. మిగతా సగం ఆ చిరిగిన గుడ్డలోనే మేకుకు ఉంది. ముడి మేమెవరమూ విప్పలేకపోయాం. ఆయన పేరు ఇంకా అందులోనే ఉంది.